వైస్‌లో మెత్తని వస్తువులు బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంచ్ వైస్ అంటే బల్లకి బిగించి ఉండి, స్క్రూ తిప్పితే రెండు దవడల మధ్య వస్తువుని పట్టుకునేది. అది ఇనుము కోసం పుట్టిన పనిముట్టు. మన ఇళ్ళలో, చిన్న షెడ్లలో దాని నోట్లో పెట్టేవన్నీ ఇనుము కాదు కదా. ఇత్తడి కుళాయి, రాగి గొట్టం, టేకు ముక్క, పీవీసీ పైపు, పాలిష్ పట్టిన షాఫ్ట్, ఒక్కోసారి వెండి పట్టీ కూడా పెడతాం. అందరూ నన్ను అడిగేవి, మొదట్లో నేను తెలిసినవాళ్ళని అడిగినవి కలిపి ఇక్కడ రాశాను.

నేను బిగించింది కొంచెమే. అయినా గాట్లు ఎందుకు పడ్డాయి?

మీకు కొంచెమే అనిపించింది, వైస్‌కి కాదు. చిన్న లెక్క చూడండి. హ్యాండిల్ పొడవు 20 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక చుట్టు తిప్పితే దాని చివర దాదాపు 125 సెంటీమీటర్లు తిరుగుతుంది. స్క్రూ మరల మధ్య దూరం 5 మి.మీ. అయితే అదే చుట్టుకి దవడ కదిలేది 5 మి.మీ. మాత్రమే. అంటే మీ చేతి బలం 250 రెట్లు అవ్వాలి. రాపిడిలో ముప్పాతిక వంతు పోయినా అరవై రెట్లు మిగులుతుంది. హ్యాండిల్ చివర 15 కిలోల బలంతో తోస్తే దవడల మధ్య పడేది దాదాపు 900 కిలోలు.

ఆ బరువంతా దవడ పలక మీద సమంగా పడినా ఫరవాలేదు. కానీ పలక మీద గళ్ళు గళ్ళుగా పళ్ళుంటాయి. వస్తువుకి మొదట తగిలేది ఆ పళ్ళ కొనలే. గట్టిపరిచిన ఉక్కు కొన ఇత్తడిలోకి దిగడానికి పెద్ద కష్టపడదు.

అయితే దవడకు అడ్డుగా ఏదో ఒకటి పెడితే సరిపోతుందా?

సగం సరిపోతుంది. ఈ సగం దగ్గరే నేను దెబ్బతిన్నాను.

పక్కింటివాళ్ళ ఇత్తడి కుళాయి బిగుసుకుపోయిందని తెచ్చారు. మొదటిసారి నేరుగా వైస్‌లో పెడితే పళ్ళ వరసలు పడ్డాయి. నాలిక కరుచుకుని, గుడ్డ చుట్టి మళ్ళీ పెట్టి ఇంకాస్త గట్టిగా బిగించాను. ఈసారి గాట్లు పడలేదు, నట్టు కూడా ఊడింది. తీరా చూస్తే కుళాయి గొంతు కోడిగుడ్డులా అణిగిపోయి లోపలి కడ్డీ తిరగడం మానేసింది. కొత్త కుళాయి నా డబ్బుతోనే కొనిచ్చాను.

వైస్ చేసే నష్టం రెండు రకాలు. ఒకటి పైపైన పడే గాటు, గీత, నొక్కు. రెండోది ఆకారమే మారిపోవడం, అంటే గొట్టం అణగడం, పలక వంగడం, అక్రిలిక్ చిట్లడం. దవడలకి వేసే మెత్తటి తొడుగు మొదటిదాన్ని ఆపుతుంది. రెండోదాన్ని ఆపాలంటే వస్తువు ఆకారానికి సరిపోయే ఒడి తయారుచెయ్యాలి, తక్కువ బలంతో పట్టాలి. మెత్తని వస్తువు ఎంత ఎక్కువ చోట ఆనితే అంత తక్కువ బిగింపు చాలు. కింద రాసిన చిట్కాలు చాలావరకు దీన్ని పట్టుకునే నడుస్తాయి.

దవడల మీద ఆ పళ్ళు అసలెందుకు? తీసేయవచ్చా?

ముతక ఇనుప ముక్కని ఉలితో కొట్టేటప్పుడు, పెద్ద ఆకురాయితో బలంగా రుద్దేటప్పుడు జారకుండా అవి కావాలి. మీది ఆ పని కాకపోతే తీసేయవచ్చు. చాలా వైస్‌లలో దవడ పలక రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. విప్పి, అదే కొలతకి నునుపైన మైల్డ్ స్టీల్ పట్టీ కోయించుకుని, స్క్రూ తలలు లోపలికి దిగేలా రంధ్రాలు వేయించుకుంటే సరి. పాత పలకలు పారేయకండి, ఎప్పుడో ఒకసారి కావాలి. పళ్ళని గ్రైండర్‌తో అరగదీయాలని మాత్రం చూడొద్దు. పలక వంకరపోతుంది, ఆ తర్వాత ఏది బిగించినా ఒక మూలనే పట్టుకుంటుంది.

తొడుగుకి ఏ సామాను మంచిది?

వస్తువు కంటే తొడుగు మెత్తగా ఉండాలి, అయినా పని చేసేటప్పుడు వస్తువు ఊగకూడదు. ఈ రెంటికీ ఎప్పుడూ పడదు. అందుకే ఒక్క జత అన్నిటికీ పనికిరాదు.

ఇనుము, స్టీలు, గట్టి ఇత్తడి వస్తువులకి అల్యూమినియం తొడుగు చాలు. నా వైస్‌కి రోజూ ఉండేది అదే. వస్తువే అల్యూమినియం అయినప్పుడు, లేదా మెత్తటి రాగి అయినప్పుడు చెక్కకి మారిపోతాను, ఎందుకంటే సమానమైన లోహాలు ఒకదానికొకటి గుర్తులు పెట్టుకుంటాయి. తోలు చాలా మంచిది. పాత బెల్టు, పాత చెప్పు అట్ట ఏదైనా పనికొస్తుంది. మెరుగు పెట్టిన వస్తువు జారకుండా పడుతుంది, గీత పడనివ్వదు. తడి తగలనివ్వకండి, కింద దవడకి తుప్పు పడుతుంది.

సైకిల్ ట్యూబు ముక్క అందరూ మొదట వాడేది. పట్టు బాగానే ఉంటుంది. ఆకురాయి పెట్టగానే వస్తువు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, గీత నేరుగా రాదు. అందుకని రబ్బరు అతికే పనికి, ఊరికే పట్టి ఉంచడానికే. పైగా నల్ల రబ్బరు లేత రంగు ప్లాస్టిక్ మీద, వార్నిష్ మీద మరక వదలగలదు.

గట్టి అట్టని తక్కువగా చూడకండి. పెళ్ళి శుభలేఖల మందపాటి అట్టలు మా షెడ్డులో ఒక డబ్బా నిండా ఉన్నాయి. పాలిష్ చేసిన చిన్న ముక్కకి రెండు వైపులా చెరొకటి పెట్టి నునుపు దవడల మధ్య పట్టిస్తే అద్భుతంగా నిలబడుతుంది. మాసిపోతే పారేసి ఇంకోటి తీయడమే. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళు ఉన్నంతకాలం సరుకుకి లోటు లేదు.

అల్యూమినియం తొడుగులు ఇంట్లో చేసుకోవడం ఎలా?

బజారులో "సాఫ్ట్ జా" అంటే తయారైనవి ఇస్తారు. ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్‌లో చదివినవాళ్ళు "వైస్ క్లాంప్" అంటారు. కొనే ముందు స్లైడింగ్ కిటికీలు చేసే షాపుకి వెళ్ళి తుంపు ముక్కలు అడగండి. 40 × 40 × 3 మి.మీ. ఎల్ యాంగిల్ అడుగు ముక్క దొరికితే పని అయిపోయినట్టే.

మీ వైస్ దవడ వెడల్పు 4 అంగుళాలు, అంటే 100 మి.మీ. అనుకుందాం. యాంగిల్‌ని 140 మి.మీ. చొప్పున రెండు ముక్కలు కోయండి. పైన పరుచుకునే రెక్కని రెండు చివర్లా 20 మి.మీ. మేర కోసి తీసేయండి. మిగిలిన నిలువు రెక్క చెవుల్లా బయటికి ఉంటుంది. ఆ చెవుల్ని దవడ పక్కలకి వెనక్కి మడిస్తే తొడుగు ఇటూ అటూ జరగదు, వైస్ తెరవగానే కాలి మీద పడదు.

ఇక్కడే తిరకాసు. కిటికీల అల్యూమినియం గట్టిపరిచినది, చల్లగా ఉండగా పదునుగా మడిస్తే చిట్లుతుంది. మడిచే చోట ముందుగా బట్టల సబ్బు రాసి, గ్యాస్ టార్చితో మెల్లగా వేడి చేయండి. సబ్బు గోధుమ రంగు దాటి నల్లబడగానే ఆపేయండి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగే ముందు ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. ఆ హెచ్చరిక మనకి సబ్బే ఇవ్వాలి. చల్లారాక మడిస్తే మైనంలా ఒంగుతుంది. మడత మూల మరీ పదునుగా కాకుండా కాస్త గుండ్రంగా ఉంచండి.

కోసిన అంచులన్నీ ఆకురాయితో నునుపు చేయండి. తొడుగు అంచుతో వేలు కోసుకున్నవాళ్ళు నాకు తెలుసు, అందులో నేనూ ఒకణ్ణి. చివరగా రెండూ తొడిగి, మధ్యలో ఏమీ పెట్టకుండా వైస్‌ని బాగా బిగించండి. దవడ పళ్ళు తొడుగు వీపులోకి దిగి అచ్చు పడుతుంది. ఇక ఆ తొడుగు కదలదు. 1 మి.మీ. రేకుతో చేస్తే ఆ అచ్చు ముందువైపుకి కూడా పొంగుతుంది, అందుకే 3 మి.మీ. అన్నాను.

మాగ్నెట్లు అతికించిన తొడుగులు మంచివేనా?

పెట్టడం, తీయడం సులువు. కానీ ఇనుప రజను అంతా అక్కడికే చేరుతుంది. ఆ రజను తొడుగు ముఖం మీదికి వచ్చిందంటే మీరు దేన్ని కాపాడాలనుకున్నారో దానికే గీతలు పడతాయి. చెక్కపని మాత్రమే చేసేవాళ్ళకి మాగ్నెట్లు బాగుంటాయి. ఇనుము కోసే బల్ల మీద నేను చెవులనే నమ్ముకుంటాను.

రాగి తొడుగులు వాడుతున్నాను. కొన్నాళ్ళకి గట్టిపడిపోతున్నాయి?

రాగి దెబ్బ తిన్నకొద్దీ, నలిగినకొద్దీ గట్టిపడుతుంది. మసకగా ఎర్రబడేదాకా కాల్చి నీళ్ళలో ముంచండి, మళ్ళీ మెత్తబడుతుంది. ఉక్కులా నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందేమోనని భయం వద్దు. రాగికి ఆ గుణం లేదు, ఊరికే వదిలేసి చల్లార్చినా అంతే మెత్తన. నీళ్ళలో ముంచితే పైన పట్టిన నల్లటి పొర ఊడి వస్తుంది, అదొక్కటే లాభం.

సీసం చాలా మెత్తన కదా, పోత పోసుకుని వాడొచ్చా?

పాత వర్క్‌షాపుల్లో వాడేవాళ్ళు, మెత్తదనంలో దానికి సాటి లేదు. నేను వద్దంటాను. సీసం విషం. దాని పొడి చేతికి అంటి, చేతి నుంచి అన్నం ముద్దలోకి పోతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో అసలు వద్దు, కరిగించడం ఇంకా వద్దు. ఎక్కడైనా పాత వైస్‌కి సీసం తొడుగులు కనబడితే తీసి అల్యూమినియం వేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

చెక్క ముక్కల్ని ఇనుప వైస్‌లో పట్టొచ్చా?

పట్టొచ్చు, చెక్కకి చెక్కే అడ్డు పెట్టాలి. 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకుని, కింది అంచుల్ని పాత సైకిల్ ట్యూబు పట్టీతో కలిపి పుస్తకం అట్టల్లా చేయండి. వైస్ తెరిచినా విడిగా పడిపోవు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. లోపలి ముఖాలకి తోలు అతికిస్తే ఇంకా మంచిది.

ఎంత బిగించాలన్నది చెక్కని బట్టి ఉంటుంది. తుమ్మ, టేకు తట్టుకుంటాయి. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి గోరు గుచ్చినా దిగబడుతుంది. అలాంటి చెక్కకి ప్లైవుడ్ అంచు కూడా గుర్తు పెడుతుంది. దాన్ని వెడల్పాటి తోలు మధ్య, రెండు వేళ్ళతో తిప్పినంత బిగింపుతో పట్టాలి. హ్యాండిల్ చివర పట్టుకోకుండా స్క్రూకి దగ్గరగా పట్టుకుని తిప్పితే ఒత్తిడి దానంతట అదే తగ్గుతుంది. ఇది ఏ మెత్తని వస్తువుకైనా పనికొచ్చే అలవాటు.

చిత్రిక పని ఎక్కువగా చేసేవాళ్ళు వడ్రంగి వైసే పెట్టుకోవాలి. దాని దవడలు బల్ల అంచుతో సమంగా ఉంటాయి, లోపల చెక్క బిగించుకోవడానికి రంధ్రాలు కూడా ఉంటాయి.

పైపు, గొట్టం అణగకుండా ఎలా పట్టాలి?

నునుపు దవడల మధ్య గొట్టం రెండే గీతల మీద ఆనుతుంది. ఒత్తిడంతా ఆ రెండు గీతల మీదే, అణగక ఏం చేస్తుంది? ఒక గట్టి చెక్క దిమ్మలో గొట్టం బయటి కొలతకే రంధ్రం వేయండి. రంధ్రం మధ్యగా దిమ్మని నిలువునా రెండుగా కోయండి. రంపం తిన్నంత మందం, అంటే 2 మి.మీ. దాకా ఖాళీ వస్తుంది. ఆ ఖాళీయే బిగింపుకి చోటు. గొట్టాన్ని మధ్యలో పెట్టి బిగిస్తే చుట్టూరా పట్టుకుంటుంది, చాలా తక్కువ బలంతోనే కదలకుండా నిలుస్తుంది. అర అంగుళం, ముప్పాతిక, అంగుళం కొలతలకి ఒక్కో దిమ్మ చేసి పెట్టుకుంటే జన్మంతా వస్తాయి.

తొందర పనికి ఒక చెక్కలో వి ఆకారపు గాడి తీసి ఒకవైపు పెట్టినా మూడు చోట్ల ఆనుతుంది, రెండు కంటే మేలు. గోడ మరీ పలచనైతే లోపల సరిపడే కర్ర దూర్చండి, లేదా ఇసుక బాగా దట్టించి రెండు చివరలు మూయండి.

బైకు ముందు ఫోర్క్ గొట్టం, మోటారు షాఫ్ట్ లాంటివాటికి ఈ చెక్క దిమ్మ తప్పనిసరి. ఫోర్క్ గొట్టం మీద క్రోమ్ పూతకి ఒక్క గీత పడితే చాలు, సీలు ఎన్నిసార్లు మార్చినా ఆయిలు కారుతూనే ఉంటుంది. షాఫ్ట్‌ని బేరింగ్ కూర్చునే చోట అసలు పట్టకండి.

బోల్టుని బిగిస్తే మరలు నలిగిపోతున్నాయి.

అదే మరకి సరిపోయే నట్టు తీసుకుని ఒకవైపు గోడని రంపంతో అడ్డంగా తెగ్గోయండి. ఉంగరం తెగినట్టు ఉంటుంది. బోల్టుకి ఎక్కించి, కోత దవడకి ఎదురుగా కాకుండా పక్కకి ఉండేలా వైస్‌లో పట్టండి. నట్టు ముడుచుకుని బోల్టుని గట్టిగా పట్టేస్తుంది, ఒక్క మర కూడా నలగదు. అంత ఓపిక లేనప్పుడు రెండు నట్లు ఒకదానికొకటి బిగించి వాటినే పట్టొచ్చు.

అక్రిలిక్, పీవీసీ, త్రీడీ ప్రింటర్‌లో తీసిన ముక్కలు?

అక్రిలిక్ ఒంగదు, చిట్లుతుంది. వెడల్పాటి చెక్కల మధ్య, పైన వచ్చే కాగితం తీయకుండానే పట్టండి. కోసే గీత చెక్క అంచుకి దగ్గరగా ఉండాలి. పైకి ఎక్కువ వదిలితే రంపం ఊపుకి అదిరి పగులుతుంది. పీవీసీకి వి గాడి చెక్క చాలు.

త్రీడీ ప్రింటు ముక్క లోపల చాలావరకు డొల్ల. పైకి రాయిలా ఉందని బిగిస్తే పెళుక్కుమంటుంది. కొందరు తొడుగుల్నే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో ప్రింటు తీసుకుంటారు. వస్తువు ఆకారానికి అచ్చంగా సరిపోయేలా తీసుకోవచ్చు కాబట్టి ఆలోచన మంచిదే. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో ఎండ పడే రేకుల షెడ్డులో వదిలేస్తే, లేదా పక్కనే డ్రిల్లుతో వేడెక్కిస్తే ఆకారం పోతుంది.

వెండి, బంగారం పని?

వాటికి వైస్ ఆఖరి దారి. కంసాలులు ఈ చిక్కుని ఎప్పుడో విప్పారు. బోలు నగలో లక్క నింపి గట్టిపడనిచ్చి దాని మీద పని చేస్తారు, తర్వాత వేడి చేసి తీసేస్తారు. నల్లటి లోహంలో వెండి పొదిగే బిద్రీ పనివాళ్ళు చెక్కేటప్పుడు వస్తువుని మైనంతో రాతి మీద నిలుపుతారు. నొక్కే పనే లేదు, ఒడి మాత్రం వస్తువు ఆకారానికి నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. మీరు చిన్న పట్టీనో గొలుసు కొక్కెమో పట్టాల్సి వస్తే తోలు మధ్య, చేత్తో పట్టుకున్నంత మృదువుగా పట్టండి. పని జరగకపోతే కంసాలి దగ్గరికి వెళ్ళండి, ఇంకో చుట్టు మాత్రం తిప్పకండి.

తొడుగులు పెట్టాక వస్తువు జారుతోంది. ఇంకా బిగించాలా?

ముందు చూడాల్సింది నూనె. వస్తువు, తొడుగు రెండూ పొడి గుడ్డతో తుడవండి, సగం జారుడు అక్కడే పోతుంది. తర్వాత వస్తువుని కిందికి దించండి. ఆకురాయి పెట్టే చోటు దవడకి ఎంత దగ్గరైతే అంత తక్కువ ఊగుతుంది. అప్పటికీ జారితే అట్ట గానీ తోలు గానీ మార్చి చూడండి. బిగింపు పెంచడం వీటన్నిటి తర్వాతే. హ్యాండిల్‌కి పైపు తొడిగి బిగించడం ఎప్పటికీ వద్దు. వైస్ పోత ఇనుము, ఒకసారి విరిగితే మామూలు వెల్డింగుకి లొంగదు.

దవడ ఒక మూల మాత్రమే పట్టుకునేలా బిగించినా జారుతుంది. పక్కగా పట్టక తప్పనప్పుడు, రెండో చివర అంతే మందం ఉన్న ముక్క ఒకటి పెట్టండి. దవడలు సమాంతరంగా ఉంటాయి, వైస్ కూడా వంకర తిరగదు.

తొడుగులు ఉన్నా గీతలు పడుతున్నాయి!

వేలితో తొడుగు ముఖం తడమండి. ఇనుప రజను గుచ్చుకుని ఉంటుంది. అల్యూమినియం, చెక్క, తోలు మూడూ రజనుని కడుపులో దాచుకుంటాయి. ప్రతి పని ముందు బ్రష్‌తో దులపడం, అప్పుడప్పుడు నునుపు ఆకురాయితో ఒకసారి తిప్పడం అలవాటు చేసుకోండి. స్టెయిన్‌లెస్ స్టీలుకి విడిగా ఒక జత ఉంచుకోవాలి. మామూలు ఇనుము రజను అందులో గుచ్చుకుంటే కొన్నాళ్ళకి ఆ చుక్కలు తుప్పు పట్టి, స్టీలే తుప్పు పట్టిందని మీరు షాపువాడితో పోట్లాడాల్సి వస్తుంది.

గాటు పడిపోయింది. ఇప్పుడేం చేయాలి?

చెక్క మీద నొక్కు పడితే బతికించొచ్చు. తడి గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె కాసేపు ఆనించండి. ఆవిరికి నలిగిన పోగులు ఉబ్బి పైకి లేస్తాయి. పోగులు తెగిపోయి ఉంటే లేవవు. వార్నిష్ వేసిన చెక్క మీద ఇది చేయకండి, తెల్లటి మచ్చ పడుతుంది.

ఇత్తడి మీద గాటు లోతుని బట్టి నునుపు ఆకురాయి, తర్వాత 220, 400, 800 ఎమెరీ కాగితాలు వరసగా వాడాలి. ఒక్కో నెంబరుకి రుద్దే దిక్కు మారిస్తే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. చివర్లో మెరుపుకి ఇంట్లో చింతపండు ఉంది. అణిగిన గొట్టానికి మాత్రం లోపలి కొలతకి సరిపోయే ఇనుప కడ్డీ దూర్చి చెక్క సుత్తితో తట్టి చూడటమే. కొంత వస్తుంది, పూర్తిగా రాదు.

అతికించిన ముక్కల్ని రాత్రంతా వైస్‌లోనే వదిలేయొచ్చా?

చెక్క జిగురు ఆరేదాకా వదలొచ్చు. ముక్కలకీ అడ్డు చెక్కలకీ మధ్య పాలిథిన్ కవరు పెట్టండి, లేకపోతే పొద్దున్నకి నాలుగూ ఒకటే చెక్క. ప్లాస్టిక్‌ని అలా వదలకండి, నెమ్మదిగా అణిగి పొద్దున్నకి దవడ ఆకారం తెచ్చుకుంటుంది. ఖాళీ వైస్‌ని కూడా బిగించి వదిలేయక్కర్లేదు. దవడల మధ్య వేలు పట్టేంత సందు ఉంచి, హ్యాండిల్ కిందికి వేలాడేలా తిప్పి వెళ్ళండి. అడ్డంగా వదిలేస్తే చీకట్లో తొడకి తగులుతుంది.